విశాఖ గోడకు అమెరికా సెట్టు సరిపోతుందా?

అమెరికా నుంచి సెలవులకు విశాఖపట్నం వెళ్లేటప్పుడు అమ్మానాన్నల కోసం సర్దే సూట్‌కేసుల్లోకి ఈ మధ్య మరమ్మతు పనిముట్లు కూడా చేరుతున్నాయి. ఒకే బ్యాటరీ, ఒకే మోటారు, దానికి పనిని బట్టి మార్చి తగిలించుకునే డ్రిల్లు, చెక్క కోసే జిగ్‌సా, నునుపు చేసే శాండర్ తలలు, అన్నీ ఒక్క పెట్టెలో వస్తాయి. ఇంటి పనులన్నిటికీ ఇదొక్కటి చాలన్న నమ్మకంతో రెండేళ్ల కిందట నేనూ అలాంటి సెట్టు ఒకటి ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి తీసుకెళ్లాను. అమెరికాలోని నా ఇంట్లో ఎంతో పనికొచ్చిన ఆ సెట్టు అక్కడ మొదటి రోజే ఆగిపోయింది. అందుకే విశాఖలోని ఇంటికి మొదటి పనిముట్టుగా దాన్ని ఎవరూ కొనవద్దని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగదిలో కిటికీ పైన కర్టెన్ రాడ్డు బిగించడానికి నాలుగు రంధ్రాలు పెట్టాలి. ప్లాస్టరింగ్ ఉన్నంత మేర, అంటే అర అంగుళం దాకా, బిట్టు సులువుగానే దిగింది. ఆపైన ఎంత నొక్కినా పొడి రాలడం మానేసింది. బిట్టు మొన నీలంగా మారి, కాలిన వాసన వచ్చింది. స్టూలు పట్టుకుని నిలబడ్డ నాన్నగారు, "అది లింటెల్ రా, కాంక్రీటు. ఇటుక అనుకున్నావా?" అన్నారు. సాయంత్రం వచ్చిన వడ్రంగి తన సంచిలోంచి తీగ ఉన్న పాత హ్యామర్ మిషన్ తీసి, అయిదు నిమిషాలైనా గడవకముందే నాలుగు రంధ్రాలూ పెట్టి, వాటిలో స్క్రూ పట్టు కోసం గట్టాలు కొట్టి వెళ్లిపోయాడు.

తేడా అంతా గోడలోనే ఉంది. అమెరికాలో చాలా ఇళ్ల లోపలి గోడలు సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టిన చెక్క కమ్మీల మీద అర అంగుళం మందపు జిప్సం పలకలు బిగించి కట్టినవి. చెక్కలో స్క్రూ దించడానికీ, పలకలో రంధ్రం పెట్టడానికీ బ్యాటరీ డ్రిల్లు చాలు. మన అపార్టుమెంట్లలో స్తంభాలు, దూలాలు, స్లాబు కాంక్రీటువి. వాటి మధ్య ఎర్ర ఇటుకో, బూడిద ఇటుకో ఉంటుంది. ఇటుక గోడకైతే చిన్న హ్యామర్ డ్రిల్లు కూడా సరిపోతుంది. కానీ కర్టెన్ రాడ్డు వచ్చేది లింటెల్ మీదికి, బాల్కనీలో బట్టల తీగ కొక్కెం వచ్చేది స్లాబుకు లేదా దూలానికి. అంటే ఇంట్లో మనం తరచుగా రంధ్రం పెట్టాలనుకునే చోట్లే కాంక్రీటు ఎదురవుతుంది. మామూలు హ్యామర్ డ్రిల్లులో పళ్లున్న రెండు చక్రాలు ఒకదానిపై ఒకటి జారుతూ బిట్టును అదురుస్తాయి, అంతే. మనం ఎంత బలంగా నొక్కితే అంత పని. వడ్రంగి తెచ్చినలాంటి రోటరీ హ్యామర్‌లో గాలి ఒత్తిడితో కదిలే పిస్టన్ బిట్టును వెనకనుంచి కొడుతుంది కాబట్టి దానికి మన భుజబలంతో పని లేదు. సెట్టుతో వచ్చే డ్రిల్లు తలల్లో చాలావాటికి ఆ చక్రాల అదురు కూడా ఉండదు.

ఒకే మోటారుతో అన్ని పనులూ చేయించడంలో మరో చిక్కుంది. స్క్రూ బిగించడానికి నెమ్మదిగా, బలంగా తిరగాలి. చెక్క నునుపు చేయడానికి నిమిషానికి వేల సార్లు కదలాలి. ఒకే మోటారు ఈ రెంటికీ సరిగ్గా కుదరదు. పైగా అన్ని తలలనూ ఒకే పిడికి తగిలిస్తే జిగ్‌సా తల ముందుకు బరువై కోత గీత తప్పుతుంది. వేర్వేరు పనిముట్లు ఒకే రకం బ్యాటరీ పంచుకునే సెట్లకు మాత్రం ఈ లోపం అంటదు, వాటిపై నాకు అభ్యంతరం లేదు.

విద్యుత్తు సంగతి మరింత శ్రద్ధగా చూడాలి. అమెరికాలో అమ్మే చార్జర్లలో చాలావరకు 120 వోల్టులకు చేసినవే. విశాఖలో ప్లగ్గులోంచి వచ్చేది 230. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. చార్జర్ వెనక రాసి ఉన్న అంకెలు చదవకుండా దాన్ని సూట్‌కేసులో పెట్టవద్దు. ఇక 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 వాట్ అవర్లు, అంటే విమానాల్లో మామూలుగా అనుమతించే 100 లోపే. అయినా విడి బ్యాటరీలను చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. మా బ్యాటరీ అలా క్షేమంగా చేరింది గానీ, నేను దాన్ని దాదాపు ఖాళీగా బీరువాలో వదిలేసి వచ్చాను. ఏడాది తర్వాత తీస్తే చార్జర్ దాన్ని గుర్తించనేలేదు. లిథియం బ్యాటరీని సగం చార్జితో, చల్లటి చోట ఉంచాలి. వేసవిలో మూసి ఉంచిన ఫ్లాటులో అలాంటి చోటు దొరకదు.

కాబట్టి నా సలహా ఇది. ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు (మొదట్లో గాళ్లుండి, నెట్టగానే ఇరుక్కునేవి) పట్టే, తీగ ఉన్న చిన్న రోటరీ హ్యామర్‌ను విశాఖలోనే కొనండి. 6, 8 మిల్లీమీటర్ల బిట్లు, కళ్లద్దాలు, మంచి మాస్కు తోడుగా తీసుకోండి. కాంక్రీటు పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తీగ ఉన్న యంత్రం ఏడాదిపాటు అటకమీద ఉన్నా ప్లగ్గు పెట్టగానే తిరుగుతుంది. మనం లేనప్పుడు ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియనూ దాన్ని వాడగలడు, చెడిపోతే ఊళ్లోనే బాగుచేయించవచ్చు. చెక్కపనికి ఒక చిన్న బ్యాటరీ స్క్రూడ్రైవర్ చాలు.

అమెరికా నుంచి తీసుకెళ్లదగినవి స్క్రూలు. సముద్రపు ఉప్పుగాలికి మా బాల్కనీలోని మామూలు ఇనుప స్క్రూలు రెండు వర్షాకాలాలకే తుప్పుపట్టి, గోడ మీద గోధుమరంగు చారలు దించాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు ఆ గాలిని బాగా తట్టుకుంటాయి. బట్టల తీగకు ఆరు కొక్కేలు కావాలని నాన్నగారు కొలతలు పంపారు, ఈ జనవరి ప్రయాణానికి ఒక డబ్బా స్క్రూలు ఇప్పటికే కొని పెట్టాను.