చెప్పులు విప్పించి చూడాలి

మధుమేహం ఉన్నవారిలో నూటికి 19 నుంచి 34 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు కాలిపుండు పడుతుందని పరిశోధకుల అంచనా. ఇంత విస్తృతంగా ఉన్న బాధ ఇది. అయినా రక్తపరీక్ష చీటీ చూసి మందులు రాసేసరికి డాక్టరు వద్ద పని ముగిసిపోతోంది. రోగి కాళ్లు మాత్రం చెప్పుల్లోనే ఉంటున్నాయి. ఈ అలవాటు మారి తీరాలి.

ఏళ్ల తరబడి చక్కెర అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతింటాయి. కొందరికి తిమ్మిర్లు, మంటలు వస్తాయి. మరికొందరికి ఏ సూచనా లేకుండానే స్పర్శ పోతుంది. బూటులో గులకరాయి పడ్డా రోజంతా దానిమీదే నడుస్తారు. ఒత్తిడి పడేచోట ఆనె కడుతుంది. దాని అడుగున కండ నలిగి, పైకి ఏమీ కనిపించకుండానే పుండవుతుంది. మేజోడుకు అంటిన మరక చూసేదాకా ఆ సంగతే తెలియనివారు ఎందరో. కాళ్లకు రక్తప్రసరణ కూడా తగ్గితే ఆ పుండు ఒక పట్టాన మానదు. మధుమేహం వల్ల కాలు కోల్పోయినవారిలో దాదాపు 85 శాతం మందికి అంతకుముందు పుండు పడినదే.

ఇంత ముదిరేదాకా ఏం చేశారని రోగిని గద్దించడం అన్యాయం. నొప్పి తెలపాల్సిన నరమే చచ్చుబడితే అతనికి ఎలా తెలుస్తుంది? చూడాల్సింది వైద్య వ్యవస్థ. కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగును వంగేవరకు అరికాలికి ఆనించి, తగిలినప్పుడు చెప్పమంటే చాలు, స్పర్శ ఉందో లేదో తేలిపోతుంది. నాడి చూడటం, వేళ్ల సందులు పరికించడంతో కలిపినా కొద్ది నిమిషాల పని. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. ప్రతి మధుమేహ రోగికీ ఏడాదికొకసారైనా, స్పర్శ తగ్గినవారికి ఇంకా తరచుగా ఈ పరీక్ష జరగాలి.

పుండు మానిందని ఊపిరి పీల్చుకోవడానికీ లేదు. మానినవారిలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే, 65 శాతం మందికి ఐదేళ్లలో మళ్లీ పడుతోంది. నరం కోలుకోలేదు, నడకలో భారం పడే చోటూ మారలేదు, మళ్లీ పడక ఏమవుతుంది? అందుకే ఒత్తిడి తగ్గించే పాదరక్షలను మందులతో సమానమైన చికిత్సగా గుర్తించాలని మేము కోరుతున్నాం. కాలు తీసేసే ఆపరేషన్‌కు చెల్లించే ఏ బీమా పథకమైనా ముందు వీటికి చెల్లించాలి. పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి వచ్చిన మనిషికి వచ్చే వారం రమ్మని చీటీ ఇవ్వకుండా, అదే రోజు చూసే ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో ఉండాలి.