సవరణ: ఇండోనేషియాకు స్వాతంత్ర్యం 1949లో ఎవరూ ఇవ్వలేదు

ఆగ్నేయాసియా దేశాల గురించి కిందటి వారం రాసిన టపాలో ‘డచ్చివారు 1949 డిసెంబరు 27న ఇండోనేషియాకు స్వాతంత్ర్యం ఇచ్చారు’ అని రాశాను. ఆ తేదీ డచ్చివారి లెక్క. ‘ఇచ్చారు’ అనడం అంతకన్నా పెద్ద తప్పు.

రెండో ప్రపంచ యుద్ధంలో డచ్చివారి వలస అయిన ఇండోనేషియాను ఆక్రమించుకున్న జపాన్ లొంగిపోయిన రెండు రోజులకే, 1945 ఆగస్టు 17న, సహచరుడు హట్టా పక్కన నిలబడగా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సుకర్ణో జకార్తాలో స్వాతంత్ర్య ప్రకటన చదివారు. రెండే వాక్యాలు! ఇండోనేషియన్లు జరుపుకొనే పండుగ ఆ రోజుదే.

తర్వాతి నాలుగేళ్లూ పోరాటం, బేరసారాలు. 1947 జులైలోనూ 1948 డిసెంబరులోనూ డచ్చి సైన్యం విరుచుకుపడింది. వాటికి వారు పెట్టుకున్న పేరు ‘పోలీసు చర్య’. (హైదరాబాదు చరిత్ర చదివినవారికి ఈ మాట కొత్త కాదు.) రెండోసారి ఏకంగా గణతంత్ర రాజధాని యోగ్యకర్తనే పట్టుకుని సుకర్ణోను నిర్బంధించారు. అయినా గెరిల్లాలు తగ్గలేదు, పైగా అమెరికా కూడా డచ్చివారి మీద ఒత్తిడి తెచ్చింది.

నేను రాసిన డిసెంబరు 27 అధికార బదిలీ జరిగిన రోజు. అదీ ఉచితంగా కాదు: వలస ప్రభుత్వపు అప్పు, 400 కోట్ల గిల్డర్లకు (అప్పటి డచ్చి కరెన్సీ) పైగా, కొత్త దేశం నెత్తిన పడింది. పశ్చిమ న్యూగినీని డచ్చివారు తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు.

1945 తేదీని నెదర్లాండ్స్ అప్పటి ప్రధాని మార్క్ రుట్టె బేషరతుగా ఒప్పుకున్నది 2023లో. పాత టపాలో తేదీనీ క్రియాపదాన్నీ మార్చాను.