‘ఒక్కటేస్తే ఖతం’ గారికి ఒక ఉత్తరం

గౌరవనీయులైన ‘ఒక్కటేస్తే ఖతం’ గారికి,

మిర్యాలగూడ పక్క పల్లె నుంచి ఒక వడ్ల రైతు రాసుకునే మనవి. పాకిస్తాన్ మీద ఒక్క అణుబాంబు వేస్తే పని అయిపోతుందనే మాట మీరు. 1998 మేలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగిన రోజుల్లో మా ఊరి చాయ్ హోటల్ బెంచీ ఎక్కారు, ఇప్పటికీ దిగలేదు. సరిహద్దులో తుపాకి పేలితే చాలు, ఎవరో ఒకరి నోట్లోంచి ఊడిపడతారు.

2025 మేలో, హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు మోగిన రోజు, మా మామ సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో వడ్ల రాశి పక్కన మంచం వేసుకుని పదో రోజు. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. పడమట అరచేతంత మబ్బు. మామకు ఒక కన్ను దాని మీద, ఒక కన్ను ఫోన్లో వార్తల మీద. రాశి మీద పట్టా సగం కప్పి, తాడు కొస పంటితో పట్టుకుని అన్నాడు: “అల్లుడా, ఒక్కటేస్తే ఖతం.”

అరచేతంత మబ్బుకే అంత టెన్షన్ పడే మనిషి చేత మీరు ఎంత మబ్బును కోరిస్తున్నారో చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు ఆ ‘ఒక్కటి’ సంగతి. రెండు దేశాల దగ్గరా కలిపి దాదాపు 350 అణుబాంబులు ఉన్నాయని అంచనా. మనం ఒకటేస్తే అవతలివాళ్లు చప్పట్లు కొడుతూ కూర్చుంటారా?

ఇక ‘ఖతం’. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడింది నిజంగా ఒక్కటే. ఆ ఏడాది చివరికి దాదాపు 1,40,000 మంది పోయారు. బతికినవాళ్లను క్యాన్సర్లు దశాబ్దాల పాటు వెంటాడాయి. భారత్, పాకిస్తాన్ కొట్టుకుంటే ఏమవుతుందని 2019లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అప్పటికప్పుడు పోయేది 5 నుంచి 12.5 కోట్ల మంది. తగలబడిన నగరాల నుంచి లేచే మసి 1.6 నుంచి 3.6 కోట్ల టన్నులు. అది వాన మబ్బుల కన్నా పైకి పోయి కూర్చుంటుంది, వానకు కడుక్కుపోదు. ఎండ 20–35 శాతం తగ్గుతుంది, లోకమంతా 2 నుంచి 5 డిగ్రీలు చల్లబడుతుంది, వానలూ తగ్గుతాయి. తేరుకోవడానికి పదేళ్ల పైనే. తిండి దొరక్క 200 కోట్ల మందికి పైగా పోవచ్చని 2022లో ఇంకో లెక్క.

అంత పెద్ద లెక్కలు మా బెంచీకి ఎక్కవు. నారుమడి సంగతి చెబుతా. యాసంగి నారు పోశాక డిసెంబరు చలికి మొలక ఎదగదు, ఆకు పచ్చదనం పోతుంది. రాత్రి మడి మీద యూరియా సంచులు కుట్టిన పట్టా కప్పుతాం. పొద్దున్నే తీసి, చల్లనీళ్లు వదిలేసి, కొత్తనీళ్లు పెడతాం. మామ ఆ నెలంతా సరిగా నిద్రపోడు. పూత మీద చలి కొడితే ఇంకా ఘోరం, గింజ పాలు పోసుకోదు, అంతా తాలే. పదేళ్ల చలికి ఎన్ని సంచులు కుట్టాలో మీరే సెలవియ్యాలి.

ఇంకో సంగతి. సాగర్ పక్కన లంబాపురం, పెద్దగట్టు గుట్టల్లో, మీ బాంబుకు ముడిసరుకైన యురేనియం రాయి తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దంటే వద్దన్నారు. తర్వాత ఆ తవ్వకం నల్లమల మీద పడితే 2019 సెప్టెంబరులో అసెంబ్లీయే వద్దని తీర్మానం చేసింది. “కృష్ణ నీళ్లల్ల కలిస్తే ఎట్ల?” అని అందరికన్నా గట్టిగా అరిచింది మామే. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన జిల్లా, నీళ్లలో విషమంటే ఏమిటో మాకు ఒకరు చెప్పాలా! రాయి మట్టిలో ఉంటే భయం, పేలితే పండగని ఆయన్ను ఎట్లా నమ్మించారండీ? మీ బేరసారాలకో దండం.

మీ అసలు యజమానులు మాత్రం జాగ్రత్తపరులు. ఎంత గొడవున్నా 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, వాటి జోలికి పోవద్దని. బాంబులున్నవాళ్లకున్న ఆ భయం మా బెంచీకి లేకపోయె.

ఆ రాత్రి ఆ మబ్బు కురిసింది, పావుగంట. తెల్లారి మామ పట్టా తీసి, అడుగున తడిసిన వడ్లను దోసిట పట్టి వాసన చూశాడు. మొలకొస్తదేమోనని మాట్లాడకుండా ఆరబోయడం మొదలుపెట్టాడు. మీరు ఆ పూట కనబడలేదు. ఎండ మాత్రం బాగా కొట్టింది.

ఇట్లు,
కాంటా కోసం వరుసలో ఉన్న అల్లుడు