సవరణ: ఆ మాట స్పీకర్ వైర్ల వరకే

పోయిన పోస్టులో "ఖరీదైన కేబుల్ వేసినంత మాత్రాన పాట మారదు, మామూలు రాగి వైరు చాలు" అని రాశాను. అది చదివి ఒకరిద్దరు టర్న్‌టేబుల్‌కి (ఎల్పీ రికార్డులు వాయించే యంత్రానికి) కూడా ఏదో ఒక వైరు తగిలించేస్తామన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆ మాట స్పీకర్ వైరుకే, అదీ తగినంత మందం ఉంటేనే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 5 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం దాదాపు 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది లెక్కలోకి రాదు. 0.75 వైరును హాలు చుట్టూ 15 మీటర్లు తిప్పితే 0.7 ఓమ్ దగ్గరికి చేరుతుంది. అప్పుడు తేడా వినిపించవచ్చు.

టర్న్‌టేబుల్ సంగతి పూర్తిగా వేరు. సూది కదలికను అయస్కాంతంతో విద్యుత్ సిగ్నల్‌గా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లోని కాయిల్, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే గుణం, పికోఫారడ్లలో కొలుస్తారు) కలిసి హై ఫ్రీక్వెన్సీల తీరునే మార్చేస్తాయి. ఆడియో టెక్నికా ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పే లోడ్, అంటే కేబుల్, ప్రీఆంప్ కలిపి ఉండాల్సిన కెపాసిటెన్స్, 100 నుంచి 200 పికోఫారడ్లు. మీటరుకు 150 ఉన్న కేబుల్ రెండు మీటర్లు వేస్తే అక్కడికే 300, టర్న్‌టేబుల్ బలహీనమైన సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీఆంప్‌ది దానికి అదనం. తాళాల చప్పుడు, గాయకుడి 'స'కారాలు పదునెక్కుతాయి. ఆ పైనుండే సన్నని ధ్వనులు వెనకబడిపోతాయి. ఇక్కడ చూడాల్సింది ధర కాదు, పికోఫారడ్ల అంకె. ఇలాంటి కార్ట్రిడ్జ్‌కి పొట్టి కేబుల్ మేలు.

కేబుల్ మార్చాక తేడా విన్నామనే వాళ్ల మాట కూడా నేను కొట్టిపారేయను. పాత ప్లగ్ పీకి కొత్తది గుచ్చేటప్పుడు చిలుము పట్టిన కాంటాక్టు శుభ్రపడుతుంది. కొనేముందు పాత వైరునే పీకి, తుడిచి, మళ్లీ బిగించి వినండి.