మహారాజశ్రీ ‘నీకెందుకివన్నీ’ గారికి

మహారాజశ్రీ ‘నీకెందుకివన్నీ, వెళ్ళి చదువుకో’ గారి దివ్యసముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. మా తాత నోట్లోంచి మా నాన్న నోట్లోకి, అక్కణ్ణుంచి నా నోట్లోకి చెక్కు చెదరకుండా వచ్చారు. ఆస్తులు పంచుకున్నాం గానీ మిమ్మల్ని మాత్రం ఉమ్మడిగానే ఉంచుకున్నాం.

మొన్న రాత్రి మీరు చేసిన మేలు మరిచిపోలేక ఈ ఉత్తరం. టీవీలో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. వాళ్ళకంటే గట్టిగా నేను అరుస్తున్నాను. మా పదిహేనేళ్ళ అమ్మాయి రిమోట్ అందుకుని సౌండ్ తగ్గించి, “నాన్నా, ద్రవ్యలోటు అంటే అప్పేనా, వేరా?” అంది. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు తెలీదు. ఇరవై ఏళ్ళుగా దాని మీద కోప్పడుతున్నానే తప్ప అదేమిటో ఏనాడూ చూడలేదు. సరిగ్గా అప్పుడే మీరు నా నాలుక మీద వాలి పరువు కాపాడారు.

అమ్మాయి లేచి వెళ్ళింది. కాసేపటికి గదిలోంచి “శాసనశాఖ, కార్యనిర్వాహక శాఖ, న్యాయశాఖ” అని బట్టీ వినిపించింది. ప్రజాస్వామ్యం పరీక్షలో వస్తే అయిదు మార్కులు, అన్నం దగ్గర వస్తే అధికప్రసంగం. ఈ తేడా కనిపెట్టిన మీ బుర్రకి దండం.

మీ మాట అందరూ వినలేదని తెలిసి నొచ్చుకున్నాను. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఫార్మ్‌విల్ అనే ఊళ్ళో నల్లజాతి పిల్లల హైస్కూల్ ఉండేది. దాదాపు 180 మందికి కట్టిన బళ్ళో 450 మంది. చాలని చోట తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు. చలికాలంలో పొయ్యి పక్క కూర్చున్నవాడికి ఉడుకు, దూరంగా కూర్చున్నవాడికి కోటు విప్పలేనంత వణుకు. కొత్త బడి కావాలని పెద్దలు మర్యాదగా అడుగుతూనే ఉన్నారు, బోర్డు మర్యాదగా వాయిదా వేస్తూనే ఉంది. 1951 ఏప్రిల్‌లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి జట్టు, దొంగ ఫోన్ కాల్‌తో ప్రిన్సిపాల్‌ని బడి దాటించి, అందర్నీ హాల్లోకి పిలిచి సమ్మె కట్టించింది. (దొంగ ఫోన్ సంగతి మా అమ్మాయికి చెప్పను.) ఆ గొడవే చివరికి కోర్టుకెక్కింది. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరువేరు బళ్ళు పెట్టడం చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ‘బ్రౌన్’ కేసులో కలిసిన అయిదు కేసుల్లో అదొకటి. ఆ పూట మీరు ఏ నోట్లో నిద్రపోయారండీ?

కొన్ని దేశాలైతే మిమ్మల్ని ఏకంగా చట్టం చేసి అవమానించాయి. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం పదహారేళ్ళవాళ్ళకి, ఇష్టమైతే వెయ్యండని ఓటిచ్చింది. ఆస్ట్రియా 2007లో ఇచ్చింది. 2014 రిఫరెండంలో స్కాట్లండ్ భవిష్యత్తు మీద అక్కడి పదహారేళ్ళ పిల్లలు ఓటేశారు. వాళ్ళ లెక్క ఏమిటంటే, పదహారులో పిల్లలు ఇంట్లో, బళ్ళో ఉంటారు, అడగడానికి మనిషి ఉంటాడు. పద్దెనిమిదికి ఊరు మారుతుంది, అడ్రస్ మారుతుంది, ఓటు ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పని. మీ పద్ధతి వేరు. పదిహేడేళ్ళ మూడువందల అరవై నాలుగు రోజులు నోరు మూయించి, మర్నాడు పొద్దున్నకల్లా పౌరుడు పుట్టుకు రావాలంటారు. రాకపోతే మీ తోడల్లుడు ‘ఈ కాలం పిల్లలకి బాధ్యత లేదు’ గారిని పంపిస్తారు.

మా అమ్మాయి మహాజ్ఞాని అని నేననను. దానికి తెలిసిన రాజకీయంలో సగం ముప్పై సెకన్ల వీడియోల్లోదే. కానీ మీరు తరిమేసిన ప్రతిసారీ అది వెళ్ళేది పుస్తకం దగ్గరికి కాదు, ఫోన్ దగ్గరికి. అక్కడ ‘నీకెందుకు’ అనేవాడు ఒక్కడూ లేడు. ‘రామ్మా, కూర్చో, నేను చెప్తాగా’ అనేవాళ్ళే అందరూ. ఎవడు ఏం చెప్తున్నాడో నాకు తెలీదు, అడిగే మొహమూ లేదు, ఎందుకంటే మొదట పొమ్మన్నది నేనే.

నిన్న రాత్రి మళ్ళీ అన్నం దగ్గర అదే తెచ్చింది. “నాన్నా, చూశాను. ప్రభుత్వం ఆ ఏడాది పెట్టే ఖర్చుకీ, అప్పులు కాకుండా వచ్చే రాబడికీ మధ్య తేడా ద్రవ్యలోటు. దాన్ని పూడ్చడానికి అప్పు తెస్తారు. ఏటేటా తెచ్చింది పోగైతే మొత్తం అప్పు.” నేను తెలిసినట్టే తలూపాను. “మరి అది తీర్చేది ఎవరు? నేనా?” అంది.

మీరు నాలుక చివరిదాకా వచ్చేశారు. అన్నం ముద్ద అడ్డం పెట్టాను. అది నమలడానికి చాలాసేపు పట్టింది. అమ్మాయి టీవీ కట్టేసి, నా వైపే చూస్తూ కూర్చుంది.

ఇట్లు,
మీ చిరకాల లబ్ధిదారు