పండ్ల కొరుకుడు గారికి, కొత్త పన్ను తరఫున

పండ్ల కొరుకుడు గారికి,

హన్మకొండ నుంచి మీ దవడ ఓనరు రాసేది. పదిహేనేళ్ళుగా కిరాయి కట్టకుండా ఉంటున్నారు కాబట్టి ఇంకా గారూ మీరూ ఏంది, నువ్వు అనే అంటా.

మనం ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. నేను పడుకున్నాక నువ్వు నా పండ్లు నూరే డ్యూటీ ఎక్కుతావు, లేచేసరికి దిగిపోతావు, దవడ నొప్పి మాత్రం నాకు అప్పజెప్పి. నీ గురించి నాకున్న సాక్ష్యం మా ఆవిడ ఒక్కతే. "ఏందయ్యా, రాత్రంత ఇసుర్రాయి తిప్పుతవ్, పొద్దుగాల చూస్తే పిండి ఉండది" అనేది. నేను నమ్మకపోతే ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. కాజీపేటలో గూడ్సు బండి బ్రేకు వేసినట్టుంది. మా అమ్మ ఆ రికార్డు వినకముందే తీర్పు చెప్పేసింది, "కడుపుల పురుగులున్నయ్ బిడ్డా" అని. ఏనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం గుమస్తాను, నలభై నాలుగేళ్ళవాణ్ణి, పిల్లలతో పాటు వరసలో కూర్చుని నులిపురుగుల గోళీ మింగాను. పురుగులుంటే పోయి ఉంటాయి, నువ్వు పోలేదు.

పోయినేడు సంక్రాంతికి సకినం కొరికితే కింది దవడలో కుడివైపు పన్ను టప్పుమంది. సకినాన్ని తిట్టాను, అంత గట్టిగా చేసినందుకు మా వదినను తిట్టాను (మనసులోనే, కాబట్టి సారీ కూడా చెప్పలేదు). డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, పన్ను వేరు దాకా నిలువునా చీలింది, ఇది ఒక్క సకినం చేసే పని కాదు, ఏళ్ళ తరబడి నూరిన నూరుడు, మిగతా పండ్లు ఎట్లా చదునైపోయాయో చూసుకోండి అని అద్దం చేతికిచ్చింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు కదా, నువ్వు నాకు ఆ రాయి వెతుక్కునే పని కూడా పెట్టలేదు.

ఆ పన్ను తీసేసి, గాయం మానాక దవడ ఎముకలో టైటానియం స్క్రూ దించారు, దాన్నే ఇంప్లాంటు అంటారు. ఈ లోహం ఎముకతో అతుక్కుపోతుందని 1950ల్లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు కుందేళ్ళ మీద పనిచేస్తూ కనిపెట్టాడు. ఆయన చూస్తున్నది రక్తం తిరిగే తీరు, తీరా చూస్తే పెట్టిన లోహం ముక్క ఊడి రానంది. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. అక్కడి దాకా శుభమే. అసలు తిరకాసు నీతోనే.

సొంత పన్ను వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారల పొర ఒకటి ఉంటుంది. బరువు పడితే పన్ను కొంచెం అణిగి లేస్తుంది, గట్టిది తగిలితే ఆగమని దవడకు కబురు పోతుంది. ఇంప్లాంటుకు ఆ పొర ఉండదు. పాలంపేటలో రామప్ప గుడి ఉంది కదా, 1213 నాటిది, నేల అదిరితే ఆ అదురు ఇసుకలోనే ఇంకిపోవాలని పునాదిలో ఇసుక నింపారు. సొంత పన్ను ఆ గుడి లాంటిది. ఇంప్లాంటేమో బండలో దిగ్గొట్టిన గునపం. నిలువుగా పడే బరువు కాస్తుంది గానీ, నీలాంటివాడు రాత్రంతా పక్కలకు గుంజితే పైన పన్నులా తొడిగే క్యాప్ చిట్లవచ్చు, లోపలి స్క్రూ వదులు కావచ్చు, మరీ మొండికేస్తే ఇంప్లాంటే విరగవచ్చు.

అందుకే నీకు ఎన్ని మర్యాదలో చూడు. స్క్రూ అతుక్కునేదాకా మూడు నెలలకు పైనే ఆగాం. క్యాప్ మామూలుకన్నా ఇరుకుగా, మొనలు తగ్గించి చేయించారు. నీలం కాగితం పండ్ల మధ్య పెట్టి కొరకండి, పక్కకు జరపండి అంటూ, మచ్చ పడ్డ చోటల్లా అరగదీస్తూ, మళ్ళీ కొరకండి అంటూ అరగంట. నోరంతా నీలం, జేబు ఖాళీ. ఆఖరున పై పండ్లకు తొడుక్కోమని గట్టి ప్లాస్టిక్ నైట్ గార్డు. ఇది పెట్టుకుంటే కొరకడం ఆగుతుందా అనడిగాను. "ఆగదు, దీన్ని కొరుకుతారు" అంది డాక్టరమ్మ. టెన్షన్ తగ్గించుకోండి, పొద్దు గూకినాక టీ, సిగరెట్ వద్దు అని కూడా అంది. మిర్చి సీజన్లో తేజ రకం రేటు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పలుకుతుంటే, టెన్షన్ తగ్గించుకోమని నాకు కాదు, మిర్చికి చెప్పాలి.

గార్డు వచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే నీ సంతకాలు పడ్డాయి. పొద్దున కడిగి వెలుతురుకు పట్టి చూస్తే కుడి మూలన గోటితో గీరినట్టు తెల్లటి గీతలు. పన్ను మాత్రం నిక్షేపంగా ఉంది. చప్పుడు కూడా మారిందంటోంది మా ఆవిడ, ఇసుర్రాయి పోయి ఇప్పుడు ఏదో ప్లాస్టిక్ డబ్బా కొరుకుతున్నట్టు వస్తోందట.

మా అమ్మకూ వినబడినట్టుంది. నిన్న నా మంచం కింద ఎలుకల బోను పెట్టింది, ఎరగా ఈ పండుగ సకినం ముక్క కట్టి.

ఇట్లు,
దవడ ఓనరు