స్పానిష్ చదువు ఇంగ్లీషుకు అడ్డు కాదు
స్పానిష్ మాట్లాడే పిల్లలకు ముందు స్పానిష్‌లో చదవడం నేర్పితే ఇంగ్లీషులో వెనకబడతారన్న మాటను నేను ఒప్పుకోలేను. అదే నమ్మకంతో 1998లో ద్విభాషా బోధనను కట్టడి చేసిన కాలిఫోర్నియా ఓటర్లే 2016లో ఆ చట్టాన్ని చాలావరకు తీసేశారు కదా. టెక్సాస్‌లో మా ఊరి లైబ్రరీలో నాలుగేళ్లుగా పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెబుతున్నాను. మెక్సికోలో ఆరో తరగతి దాకా చదివిన ఒకావిడ, ఇంగ్లీషులో 'నేను' అనడానికి వాడే 'ఐ'ని మొదటిరోజు 'ఎ', 'ఐ' అక్షరాలు రెండూ కలిపి రాసింది. ఇంగ్లీషులో తప్పే, కానీ స్పానిష్ పద్ధతిలో ఆ శబ్దాన్ని అలాగే రాస్తారు! విన్నదాన్ని అక్షరాల్లో పెట్టడం ఆమెకు ముందే వచ్చు, ఇంగ్లీషు స్పెల్లింగుల వంకరలు తెలిస్తే చాలు. పక్కన కూర్చునే ఇంకొకావిడ ఏ భాషలోనూ బడికి వెళ్లలేదు. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది, ఫారం చేతికిస్తే మాత్రం పెన్ను పట్టుకోవడానికే టెన్షన్ పడుతుంది.